సెట్టులో గొంతు ఎవరిది? జవాబు చెప్పాల్సిందెవరు?

(పోచంపల్లిలో విద్యార్థులు, ఉద్యోగులు, చేనేత కార్మికులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పోలీసు వైర్‌లెస్ గురించి మాట్లాడుమన్నరు. అనుమతి లేకుంట పోలీసు సెట్లలో ఎవరో చొరబడి మాట్లాడితే తప్పెవరిది అన్నది ఇయ్యాల్టి ముచ్చట. పోచంపల్లిలో మగ్గం గురించి మాట్లాడాలె గని సెట్టు గురించి ఏందని కొందరు అనుకుంటుండొచ్చు. ముందుగాల ఒక సంగతి చెప్త. ఎందుకో మీకే అర్థమైతది.

2011 సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13న మొదలై అక్టోబర్ 24 దాకా 42 రోజులు నడిచింది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. ఆ రోజుల్లో ఒకనాడు మేం రోడ్డు మీద రాస్తారోకోకు కూసున్నం. ఆ ఊరి పేరు, ఠాణా పేరు చెప్పను. ఒక ఠాణాను బద్నాం చేసుడు నా పని కాదు. మా పక్కనే పోలీసు జీపు ఆగి ఉన్నది. ఒక కానిస్టేబుల్ భుజానికి సెట్టు. అది గరగరమంటున్నది, ఎవరెవరో మాట్లాడుతున్నరు. నడుమల ఒక్కసారిగ ఒక గొంతు "జై తెలంగాణ" అన్నది. మాకు నవ్వాగలే. చప్పట్లు కొట్టినం. ఆ కానిస్టేబుల్ కూడ మొఖం అటు తిప్పుకుని నవ్విండు. ఆయన కూడ ఈ గడ్డ బిడ్డనే గద. కొంచెంసేపు అదే నడిచింది. ఒకసారి ఈల, ఒకసారి నినాదం. కంట్రోల్ రూం నుంచి "ఎవరది, చానల్ ఖాళీ చెయ్యండి" అని అరుపులు.

పావుగంట గడిచిందో లేదో, అదే చానల్లో ఇంకో గొంతు లేచింది. మేం కూసున్న జాగ పేరు చెప్పి, "రాళ్లు పడుతున్నయి, బలగాలను పంపండి" అన్నది. మా దగ్గర రాయి లేదు, కట్టె లేదు. ఆడోళ్లు రోడ్డు నడుమ బతుకమ్మ పెట్టుకుని ఆడుతున్నరు. ఎక్కడి నుంచో రెండు వ్యాన్లు వచ్చినయి. దిగినోళ్లు చూడలే, అడగలే. లాఠీలు లేచినయి. మాతోటి ఉన్న పద్మశాలి పిలగాని కుడి చెయ్యి మణికట్టు కాడ విరిగింది.

సాయంత్రం ఐదుగురిని ఠాణాకు తీసుకపోయిండ్రు. అందులో నేనొకణ్ని. ఒకటే ప్రశ్న. "సెట్టు ఎక్కడ దాచిండ్రు?" మాలో ఒకడు ఐటీఐ చదువుతున్నడు. వాని సంచిలో సాల్డరింగ్ రాడ్ దొరికింది. ఇంకేముంది, నేరం రుజువైనట్టే! రాత్రి దాకా కూసోబెట్టి విడిచిపెట్టిండ్రు. సెట్టు దొరకలే. ఆ గొంతు ఎవరిదో తేలలే. ఆనాడు చానల్లో ఏమేం మాటలు నడిచినయో రికార్డు ఉంటే తియ్యమని అడిగితే జవాబు లేదు.

ఆనాడు రెండు గొంతులు ఒక్క తొవ్వనే వచ్చినయి. మొదటిదానికి మేం చప్పట్లు కొట్టినం. రెండోది మా వీపుల మీద పడ్డది. చప్పట్లు కొట్టిన చేతుల్లో నావి కూడ ఉన్నయి. ఆ సంగతి దాచిపెట్టి ఇక్కడ నిలబడి మాట్లాడితే అది నిజాయితీ కాదు.

ఇక అసలు ముచ్చటకు వద్దాం. పోలీసు సెట్టులోకి బయటోడు ఎట్ల దూరుతడు? ఇదేదో మహా మాయ అనుకుంటరు. మాయ ఏమీ లేదు. మన పోలీసులు ఏండ్ల తరబడి వాడింది వీహెచ్‌ఎఫ్ సెట్లు. 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న తరంగాలను వీహెచ్‌ఎఫ్ అంటరు. పాత అనలాగ్ సెట్టు సంతలో కేక లెక్క. ఒకడు మీట నొక్కి మాట్లాడితే ఆ చానల్ మీద ఉన్నోళ్లందరూ వింటరు. మాట్లాడేటోడు ఎవరో సెట్టుకు తెల్వదు. ఎస్పీ గొంతైనా, దొంగ గొంతైనా దానికి ఒక్కటే.

ఇంకో చిక్కున్నది. రెండు గొంతులు ఒకేసారి వస్తే ఈ పద్ధతిలో రెండూ కలిసి వినపడవు. వినేటోని సెట్టుకు ఏది బలంగ అందుతదో అదే వినపడుతది, రెండోది మాయమైతది. అందుకనే దగ్గర నిలబడ్డోని ఐదు వాట్ల చేతి సెట్టు, దూరంగ ఉన్న పెద్ద స్టేషన్ గొంతును మింగేస్తది. ఈ తరంగాలు నేరుగ పోతయి, గుట్ట అడ్డమొస్తే ఆగుతయి. అందుకే ఎత్తు మీద రిపీటర్ పెడతరు. కిందికెళ్లి వచ్చిన మాటను అది పట్టి, ఎక్కువ బలంతో మళ్లీ వదులుతది. దొంగ మాట పోయి ఆ రిపీటర్‌ను తాకిందంటే, దాన్ని కూడ అంతే నమ్మకంగ ఊరూరికీ మోసుకపోతది.

అడ్డుకునేటందుకు ఏమీ లేదా అంటే, మాటతోపాటు చెవికి వినపడనంత సన్నని స్వరం ఒకటి కలుపుతరు. ఆ స్వరం ఉంటేనే రిపీటర్ తెరుచుకుంటది. కాని ఆ స్వరాలు లోకమంతటికీ తెలిసిన కొన్ని అంకెలే. చౌక సెట్టు కూడ వాటిని పుట్టిస్తది. అది తలుపుకు పెట్టిన గొళ్లెం, తాళం కాదు. తాళమంటే మాటను సంకేతాలుగ మార్చి పంపే డిజిటల్ పద్ధతి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు తెచ్చిన టెట్రా అట్లాంటిదే. అందులో ప్రతి సెట్టుకు ఒక నంబరు ఉంటది. మీట నొక్కంగనే ఏ సెట్టో కంట్రోల్ రూంకు తెలుస్తది. పోయిన సెట్టును దూరం నుంచే పనిచెయ్యకుంట చెయ్యొచ్చు.

ఇప్పుడు తప్పెవరిదో చూద్దాం. నా లెక్కలో నలుగురున్నరు.

మొదటివాడు మీట నొక్కినోడు. వాడు నేరస్తుడే, అందులో రెండో మాట లేదు. ఇంగ్లీషోని కాలం నుంచి 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఉండె. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకుంటేనే మూడేండ్ల దాకా జైలు. వాటి జాగలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దాని సెక్షన్లు 2024 జూన్ నుంచి విడతలుగ అమలులోకి వచ్చినయి. అనుమతి లేకుంట నెట్‌వర్క్‌లోకి చొరబడితే, సందేశాలను దొంగచాటుగ వింటే మూడేండ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. తమ్ముళ్లూ, ఈ అంకెలు యాదిలో పెట్టుకోండి. సరదాకు నొక్కిన మీట బతుకును మింగుతది.

న్యూయార్క్‌లో 2016లో 20 ఏండ్ల పిలగాడొకడు పోలీసు రేడియోలో దూరి బాంబు బెదిరింపులు పెట్టిండు, పోలీసులు ఆపదలో ఉన్నరని అబద్ధం చెప్పిండు. 2017లో అక్కడి సమాచార కమిషన్ వానికి 4,04,166 డాలర్ల జరిమానా వేసింది. అక్కడ అనుమానంతోని వీధిలోని పోరగాళ్లందర్నీ కూసోబెట్టలే. ఏ రోజు ఏ మాట వచ్చిందో పట్టుకుని, విచారణ చేసి, మనిషిని తేల్చి అప్పుడు శిక్ష వేసిండ్రు.

రెండోవాడు అమ్మినోడు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ నడుమ తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు మన దేశంలో లైసెన్సు అవసరం లేదు. మిగిలినవి అట్ల కాదు. అయినా ఆన్‌లైన్ దుకాణాల్లో ఏ తరంగం మీద పనిచేస్తదో చెప్పకుంట, లైసెన్సు కావాలని హెచ్చరించకుంట వాకీటాకీలను బొమ్మల లెక్క అమ్మిండ్రు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ వేదికలకు 13 నోటీసులు ఇచ్చింది. ఆ నెలాఖరుకు కొత్త మార్గదర్శకాలు కూడ వచ్చినయి. మంచిదే. కాని అప్పటికే ఎన్ని ఇండ్లకు చేరినయో ఎవరు లెక్క పెట్టాలె? కొన్న పిల్లవానికి జైలు, అమ్మినోనికి నోటీసు. ఇదేం తూకం?

మూడోవాడు తలుపు తెరిచిపెట్టినోడు. అంటే ఆ చానల్‌కు యజమాని అయిన సర్కారు. దీని మీద పోలాండ్ దేశం మనకు పాఠం చెప్తది. అది పోలీసు చానల్ కాదు, రైల్వే చానల్. కాని రోగం అదే. 2023 ఆగస్టు 25, 26 తేదీల్లో అక్కడ ఇరవైకి పైగా రైళ్లు ఉన్నచోట ఆగిపోయినయి. అక్కడి పాత అనలాగ్ రేడియోలో మూడు స్వరాలు వరుసగ పంపితే రైలు దానంతటదే ఆగుతది. ఆపదల కోసం పెట్టిన ఏర్పాటు అది. ఆ స్వరాలేందో అందరికీ తెలుసు, తాళం లేదు. ఎవరో వాటిని పంపిండ్రు. నడుమ రష్యా జాతీయ గీతం, పుతిన్ మాటలు కూడ వినిపించిండ్రు. పక్కన ఉక్రెయిన్ యుద్ధం నడుస్తున్నది, వేళ్లన్నీ రష్యా దిక్కే చూపించినయి. దర్యాప్తులో ఇద్దరు దొరికిండ్రు. ఇద్దరూ పోలాండ్ వాళ్లే. అందులో ఒకడు పోలీసు!

ఇది ఇన్నంక 2011లో మా ఐదుగురిని అడిగిన ప్రశ్న నాకు మళ్లీ యాదికొచ్చింది. "సెట్టు ఎక్కడ దాచిండ్రు?" సెట్లు ఎవరి చేతిలో ఉన్నయో వాళ్లను ఆ ప్రశ్న అడిగినోళ్లు ఉన్నరా? ఆనాటి గొంతు పోలీసుదే అని నేను అనను. సాక్ష్యం లేకుంట మా మీద వేసిన నిందను నేను తిరిగి వాళ్ల మీద వెయ్యను. కాని అనుమానించేటప్పుడు అందర్నీ ఒక్క కన్నుతోనే చూడాలె గద?

అందుకే నాలుగోవాడు లోపలి మనిషి. సర్కారు సాధనాలను లోపలోళ్లే తప్పుగ వాడుతరన్న అనుమానం మన రాష్ట్రానికి కొత్త కాదు. ఫోన్ ట్యాపింగ్ మీద 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో కేసు పెట్టిండ్రు. నిఘా విభాగంలోనే హార్డ్ డిస్కులు ధ్వంసం చేసిండ్రన్న ఆరోపణతో పోలీసు అధికారులనే అరెస్టు చేసిండ్రు. నిజానిజాలు కోర్టు తేలుస్తది. నేను తీర్పు చెప్పను. మనం స్వరాష్ట్రం తెచ్చుకున్నం. 2014 జూన్ 2 తర్వాత ఠాణా మనదే, కంట్రోల్ రూం మనదే, సెట్టు మనదే. మనదైనంత మాత్రాన తనిఖీ వద్దనుకుంటే ఎట్ల? ఆనాడు పరాయి పాలన అని ప్రశ్నించినోళ్లం, మన పాలనను అడుగుడు బంద్ చేస్తే ఆ ప్రశ్నకు ఇజ్జత్ ఉంటదా?

ఇక్కడ ఉద్యోగులున్నరు, వాళ్లు ఒకటి అడుగుతరు. "అన్నా, ఖరీదైన డిజిటల్ సెట్లు కొంటే సరిపోతది గద?" కొనాలె, కాదన్నదెవరు? కాని కొనుడుతోనే పని ఒడవదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఒక సంగతి బయటపెట్టిండ్రు. అక్కడి ఫెడరల్ అధికారుల సెట్లకు తాళం ఉన్నది, కాని అది పడ్డదో లేదో వాడేటోనికి సరిగ తెల్వదు. రహస్యం మాట్లాడుతున్నం అనుకుని బహిరంగంగ మాట్లాడిండ్రు. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు టెట్రా తాళాల్లో ఒకదాన్ని కావాలని బలహీనంగ తయారు చేసిండ్రని చూపించిండ్రు. మామూలు కంప్యూటర్‌తో నిమిషాల్లో విప్పొచ్చన్నరు. కొన్న పోలీసులకు ఆ సంగతి ఏండ్ల తరబడి తెల్వదు. టెండరు పిలిచి, రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగితే భద్రత రాదు. వాడేటోనికి శిక్షణ, ఏటేటా పరీక్ష, పోయిన సెట్టుకు లెక్క ఉంటేనే వస్తది.

తాళం వేసినంక ఇంకో ప్రమాదమున్నది. 2020 మే నెలాఖరున షికాగోలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద నిరసనలు జరిగినప్పుడు ఎవరో పోలీసు రేడియోలో దూరి పాటలు పెట్టిండ్రు. తర్వాత ఆ నగరం చానళ్లకు తాళం వేసింది. బయటోళ్లు వినాలంటే అరగంట ఆలస్యంగ వినాలె. విలేకరులు మొత్తుకున్నరు. మన దగ్గర పోలీసు మాటలు బయటోళ్లు వినే హక్కే లేదు, కాబట్టి ఆ కొట్లాట మనది కాదు. మన కొట్లాట రికార్డు కోసం. తాళం వేసుకోండి, కాని లోపల ఏం మాట్లాడిండ్రో భద్రంగ దాచి, కోర్టు అడిగిననాడు తీసి చూపించాలె.

ఇగ విద్యార్థి తమ్ముళ్లతో ఒక మాట. మీలో చరిత్ర చదివినోళ్లు నన్ను నిలదీయొచ్చు. "క్విట్ ఇండియా నాడు ఉషా మెహతా లైసెన్సు లేకుంటనే కాంగ్రెస్ రేడియో నడపలేదా? అది తప్పా?" మంచి ప్రశ్న. 1942 ఆగస్టు 27న బొంబాయిలో ఆ రేడియో మోగింది. ఇరవై రెండేండ్ల పిల్ల. ఇల్లు మార్చుకుంట మార్చుకుంట నడిపింది. నవంబర్ 12న పట్టుకున్నరు, నాలుగేండ్ల జైలు వేసిండ్రు. కాని తేడా చూడండి. ఆమె 42.34 మీటర్ల మీద ఇది కాంగ్రెస్ రేడియో అని చెప్పి మాట్లాడింది. పోలీసు గొంతు పెట్టుకుని "ఫలానా చోటికి బలగాలు పంపండి" అనలే. మన గొంతుతో మనం మాట్లాడుడు ఉద్యమం, దానికొచ్చే శిక్షకు తలొగ్గుడు త్యాగం. ఇంకొకని గొంతుతో మాట్లాడుడు మోసం. దానికొచ్చే శిక్ష ఇంకొకని మీద పడుతది. విరిగిన చెయ్యి మీట నొక్కినోనిది కాదు గద.

తరంగాల మీద మోజు ఉంటే రాజమార్గం ఉన్నది. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉన్నది. పన్నెండేండ్లు నిండిన పిల్లలు కూడ పరీక్ష రాసి హామ్ లైసెన్సు తెచ్చుకోవచ్చు. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ తన బృందంతో అండమాన్‌లో ఉన్నరు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయినయి. ఆమె సెట్టు మాట్లాడింది. ద్వీపాల్లో చిక్కుకున్నోళ్ల క్షేమ సమాచారం బయటికి మోసింది. అనుమతి ఉన్నది, పేరు ఉన్నది, కాల్‌సైన్ ఉన్నది. సాల్డరింగ్ రాడ్ పట్టిన పిలగాణ్ని దొంగ లెక్క చూసే ఠాణాలకు ఈ కథ చెప్పాలె. ఆపద వచ్చిననాడు పనికొచ్చేది ఆ పిలగాడే.

మరి ఏం అడుగుదాం? నాలుగు అడుగుదాం. ఒకటి, జిల్లాల్లో ఎన్ని సెట్లు ఉన్నయి, ఎన్ని పోయినయి, ఎన్ని పాడైనయి అన్న లెక్క ఏటేటా తియ్యాలె. చానళ్ల రహస్యం మాకొద్దు, లెక్క చాలు. రెండు, నిరసన జరిగిన ప్రతి రోజు వైర్‌లెస్ రికార్డును చెరపకుంట దాచాలె. మూడు, దొంగ మాట వచ్చిందంటే మనుషులను కాదు, ముందు సిగ్నల్‌ను వెతకాలె. రెండు మూడు దిక్కుల నుంచి పట్టి చూస్తే ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చే పరికరాలు ఉన్నయి. కేంద్రానికి వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థే ఉన్నది. ఆ నివేదిక లేకుంట ఒక్కణ్ని కూడ ఠాణాలో కూసోబెట్టొద్దు. నాలుగు, సెట్టులో ఏదో వినపడ్డదని లాఠీ ఎత్తకుండ, అక్కడున్న అధికారి కండ్లతో చూసినంకనే బలప్రయోగం చెయ్యాలె. ఆనాడు మా పక్కన జీపులో ఉన్న కానిస్టేబుల్‌ను ఒక్క మాట అడిగితే చెప్పేటోడు, ఇక్కడ రాళ్లు లేవని.

ఇది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడ భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి 100 ఎకరాలు ఇస్తనన్నరు. ఆ మాటకు ఎందుకంత విలువ వచ్చింది? అన్నది ఎవరో పదిమందీ చూసిండ్రు కాబట్టి. మొఖం లేని మాట ఎంత గట్టిగ వినపడ్డా దానికి పూచీ ఉండదు.

చివరికి ఆ పిలగాని సంగతి చెప్పి ముగిస్త. చెయ్యి విరిగిందన్న గద, కట్టు విప్పినంక మణికట్టు సరిగ తిరగలే. మీకు నేను చెప్పాల్నా? ఒక్క చీరెకు ఆసు పొయ్యాలంటే చెయ్యి తొమ్మిది వేల సార్లు అటు ఇటు తిరగాలె. వాడు మగ్గం విడిచిపెట్టి పట్నంలో కాపలా పనికి పోయిండు. మొన్న కలిసిండు. డ్యూటీలో వానికి ఒక వాకీటాకీ ఇచ్చిండ్రట. "అన్నా, మీట నొక్కినప్పుడల్లా ముందు నా పేరు చెప్పి మాట్లాడుత" అన్నడు.

సర్కారు నేర్చుకోవాల్సింది, మనం నేర్చుకోవాల్సింది కూడ అదే. మాట్లాడినోడు పేరు చెప్పాలె. తలుపు యజమాని తాళానికి జవాబు చెప్పాలె. నింద వేసేటోడు సాక్ష్యం చూపాలె.